పడవ మోటారు కోసం రెండోసారి కోర్బా

క్రితం సంచికలో నేనొక విహారయాత్ర వ్యాసం రాశాను. మన బిలాస్‌పూర్ తెలుగు సంఘం తరఫున ఇరవై కుటుంబాలు కోర్బా అవతల జలాశయానికి వెళ్ళిరావడం, నడినీళ్ళలో పడవ మోటారు మొరాయించడం, రైల్వే ఇంజన్లు బాగుచేసే షెడ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న ఒక పెద్దమనిషి దాన్ని బాగుచేయడానికి శాయశక్తులా పాటుపడడం, పడవవాడి మొరటుతనం వల్ల అది అప్పటికే చెడిపోయి ఉండడం అందులో ఉన్నాయి. వ్యాసం బాగుందని చాలామంది ఫోన్లు చేశారు. రైలు వేళలు, టిఫిన్ ధరలు సరిగ్గానే ఉన్నాయి. ఆ పెద్దమనిషి నేనే. మిగిలినదంతా అబద్ధం.

అసలు జరిగింది చెప్పి, ఆ తర్వాత రెండో ప్రయాణంలోకి వస్తాను.

ఆ పడవ అక్కడి చేపలవాళ్ళ సహకార సంఘానిది. నడిపేవాడి పేరు సుఖరాం. వయసు నలభై దాటి ఉంటుంది, మాట తక్కువ. మోటారు మాత్రం సముద్రం ఒడ్డున ఎక్కడో పదేళ్ళు నడిచి, సెకండ్‌హాండ్‌లో ఇక్కడికి చేరింది. నీళ్ళను నెట్టే పంకా వెనకాల గుండ్రటి అల్యూమినియం క్యాప్ ఒకటి ఉంటుంది. దాని లోపలి రబ్బరు సీలు అరిగి, గేర్ల డబ్బాలోకి నీళ్ళు పోయి, నూనె మజ్జిగలా తెల్లబడింది. సీలు మార్చాలంటే క్యాప్ ఊడాలి. ఉప్పునీటిలో బతికిన క్యాప్ కాబట్టి పట్టేసి కూర్చుంది. నడినీళ్ళలో ఆగిన పడవను తెడ్లతో ఒడ్డుకు చేర్చాక, ఇదంతా సుఖరామే నాకు వివరంగా చెప్పాడు. చెప్పి, కోర్బా నుంచి మెకానిక్ రేపు వస్తాడు, అందాకా ముట్టుకోవద్దు సాహెబ్ అన్నాడు.

నేను నవ్వాను. లక్షా ఇరవై వేల కిలోల ఇంజన్ కింద పడుకుని చక్రాలు విప్పేవాడికి అరచేతిలో పట్టే బిళ్ళ ఒక లెక్కా అన్నాను. అటు చెట్ల కింద ఇరవై కుటుంబాలు భోజనం చేస్తున్నాయి, నా మాట అందరికీ వినబడేలా అన్నాను. సంచీలోంచి మంట చిమ్మే గ్యాస్ టార్చి తీశాను. విహారయాత్రకు టార్చి ఎందుకు తీసుకెళ్ళానని అడగకండి. షెడ్ మనిషి పెళ్ళికి వెళ్ళినా స్పానర్ లేకుండా వెళ్ళడు.

మా షెడ్‌లో పట్టేసిన దేన్నైనా ఎర్రగా కాల్చి సుత్తితో కొడతాం. ఉక్కు ఎర్రబడుతుంది, సాగుతుంది, వదులుతుంది. నేను ఇరవై నిమిషాలు మంట పెట్టి, క్యాప్ ఎర్రబడడం కోసం ఎదురు చూశాను. అల్యూమినియం ఎర్రబడదు. ఎలా ఉన్నది అలాగే వెండిలా మెరుస్తూ, మర్యాదగా, లోలోపల మెత్తబడుతుంది. ఈ విషయం పదో తరగతి పిల్లలకు తెలుసునట. ఇంకా ఎర్రబడలేదు కదా అని సుత్తితో కొంచెం చూసుకునే కొట్టాను. క్యాప్‌ని పట్టి లాగడానికి రెండు చెవులు ఉంటాయి, రెండూ తడిసిన బెల్లం ముక్కల్లా రాలిపోయాయి. క్యాప్ మటుకు కదల్లేదు.

చేపలవాళ్ళ సంఘం కార్యదర్శి వచ్చి, రైల్వే సాబ్, ఏం జరిగిందో రెండు ముక్కలు రాసివ్వండి అన్నాడు. అదే నాకు బాగా వచ్చిన విద్య. ఇరవై ఎనిమిదేళ్ళలో మా సెక్షన్ నుంచి నేను రాసిన ఫెయిల్యూర్ రిపోర్టుల్లో మా సెక్షన్ తప్పు ఒక్కసారి కూడా తేలలేదు. కాగితం అడగ్గానే చెయ్యి తనంతట తానే నడిచింది. 'నడిపే వ్యక్తి సుత్తితో అజాగ్రత్తగా కొట్టుట వలన చెవులు విరిగినవి' అని చక్కటి హిందీలో రాసి, హోదాతో సహా సంతకం పెట్టాను. సుఖరాం పక్కనే ఉన్నాడు. అతను కాదని చెప్పాడు కూడా. కానీ అతనిది నోటిమాట, నాది రిపోర్టు.

మూడు వారాలకు కార్యదర్శి ఫోన్ చేశాడు. మీ రిపోర్టు వల్ల మాకు నిర్ణయం చాలా తేలికైంది సాబ్ అని ధన్యవాదాలు చెప్పాడు. సుఖరామ్‌ని పడవ నుంచి తీసేశారు, ఇటుకబట్టీలో మోస్తున్నాడు. వచ్చే ఆదివారం మూడు గంటలకు సభ్యుల సమావేశం. పాత మోటారును తుక్కు కింద అమ్మి, పడవను కార్యదర్శి గారి బావమరిదికి అప్పగిస్తూ తీర్మానం చేస్తారు. ఇంత సమర్థంగా పనిచేసిన రిపోర్టు నా సర్వీసులో మరొకటి లేదు.

మా ఆవిడ వరలక్ష్మి అన్నం వడ్డిస్తూ అంతా విన్నది. ఆ రోజు చెట్టు కింద కూర్చున్నా ఆవిడ చూపు టార్చి మీదే ఉందని నాకప్పుడు తెలియదు. "ఆయన పిల్లలేటి తింతారండీ, మీ రిపోర్టా?" అంది. ఆ పూట నాకు పెరుగు వెయ్యలేదు.

అందుకని నేనొక పథకం వేశాను. ఆదివారం మూడు గంటల లోపు ఆ క్యాప్ ఊడదీసి, మోటారు నడిపించేస్తే తుక్కుకు అమ్మాల్సిన పని ఉండదు, కొత్త మనిషితోనూ పని ఉండదు. ఈ పథకంలో నిజం చెప్పాల్సిన అవసరం ఎక్కడా రాకుండా ప్రత్యేకంగా జాగ్రత్త పడ్డాను. విశాఖలో ఉన్న మా తోడల్లుడు పాత మోటార్ల దుకాణంలో అలాంటి క్యాప్, సీలు కొని, తెలిసినవాళ్ళతో రైల్లో పంపాడు. చెవుల్లేని క్యాప్‌ను లాగే పరికరం కావాలి కనుక బిలాస్‌పూర్‌లోనే తోర్వాలో ఉండే మా మావయ్య సింహాచలం దగ్గరికి వెళ్ళాను. ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు షెడ్‌లో పని నేర్పినవాడు, రిటైరై పద్నాలుగేళ్ళయింది. పడవవాడు సుత్తితో కొట్టి చెవులు విరగ్గొట్టాడని ఆయనకూ చెప్పాను. ఆయన కాగితం మీద బొమ్మ గీసి, వాళ్ళ వీధిలోని లేత్ షాపులో దగ్గర కూర్చుని చేయించాడు. మందపాటి ఉక్కు పలక, మధ్యలో పెద్ద మర, పక్కన రెండు బోల్టులు. బోల్టులు క్యాప్‌ను పట్టుకుంటాయి, మధ్య మర ఇరుసును నెడుతుంది, తిప్పేకొద్దీ క్యాప్ బయటికి రావాలి. నాతో పంపమంటే, "నా సెయ్యి నేకుండా నా సామాను ఎక్కడికీ ఎల్లదు" అని తనూ బయలుదేరాడు.

ఆదివారం. మోప్కాలో మా ఇంటి నుంచి అయిదుంపావుకు స్కూటర్ మీద బయలుదేరి, తోర్వాలో మావయ్యను ఎక్కించుకుని స్టేషన్ చేరేసరికి అయిదూ నలభై అయిదు. స్కూటర్ స్టాండులో పెట్టాం. కోర్బా వెళ్ళే మెమూ లోకల్ రైలుకు ఇద్దరికీ కలిపి అరవై రూపాయల లోపే. నాకు పాసు ఉంది గాని, ఈ ప్రయాణానికి టిక్కెట్టు కొనడం ధర్మమనిపించింది. ఆ మాత్రం ధర్మంతో సరిపెట్టుకోవచ్చని అప్పటికింకా ఆశ. రైలు ఆరుంపావుకు కదిలింది. ఆదివారం కాబట్టి కిటికీ దగ్గర చోటు దొరికింది, మామూలు రోజైతే ఆశపెట్టుకోకండి.

అకల్‌తరాలో ఒక కుర్ర ఇంజనీరు ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. మా మాటలు విని, "తెలుగోళ్ళా? అన్నా, ఎటు పోతున్నరు?" అన్నాడు. కరీంనగర్ అబ్బాయి, కోర్బాలో విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం. రైలు ఊగినప్పుడల్లా నా సంచీలోంచి ఉక్కు పలక ఖణేల్‌మంటోంది. ఏముందని అడిగాడు. పాపం ఒక బీద పడవవాడికి ఉపాధి పోయింది, ఏదో మన చేతనైన సాయం చేద్దామని వెళ్తున్నామన్నాను. గొంతులో కొంచెం జీర కూడా వచ్చింది. ఈ రోజుల్లో మీలాంటోళ్ళు ఎక్కడున్నరు అన్నాడా అబ్బాయి. మావయ్య నాకేసి మెచ్చుకోలుగా చూశాడు. చాంపాలో రైలు కాసేపు ఆగుతుంది, ప్లాట్‌ఫారం మీద వేడి వేడి ఆలూగుండా, మన ఆలూబొండా లాంటిదే, దొరుకుతుంది. ఆ అబ్బాయే మా ఇద్దరికీ కొనిపెట్టాడు. నేను తిన్నాను. రుచిగానే ఉంది.

ఎనిమిదీ ఇరవైకి కోర్బా. స్టేషన్ బయట ఆటో పట్టుకుని బస్టాండుకు, అక్కడి నుంచి జలాశయం వైపు వెళ్ళే జీపు. నిండితే గాని కదలదు, నిండడం అంటే పద్నాలుగు మంది. రోడ్డు మొదట బొగ్గు లారీలతో నల్లగా ఉంటుంది, తర్వాత సాల్ చెట్ల అడవి మొదలై పచ్చబడుతుంది. తలకు తువ్వాలు చుట్టుకోండి. జీపులో నా పక్కన చేపల గంపతో ఉన్న ఒక ముసలమ్మను పడవ నడుస్తోందా అని అడిగాను. మోటారు లేదు, తెడ్లతో గంటన్నర పడుతోంది అంది. అవతలి ఒడ్డు నుంచి ఆస్పత్రికి రావాలన్నా అదే గంటన్నర. ఎవడో రైల్వేవాడు వచ్చి మోటారు పాడుచేసి పోయాడట అంది. నేను అలాగా అన్నాను. మావయ్యకు ఛత్తీస్‌గఢీ బాగా వచ్చు. అయినా జీపు చప్పుడులో ఆయనకు వినబడలేదనే అనుకున్నాను.

పదిన్నరకు పడవలు ఆగే ఘాట్ చేరాం. సుఖరామ్‌కు ముందే కబురు పంపాను. బట్టీకి సెలవు పెట్టి వచ్చి, రేకుల షెడ్ ముందు నిలబడి ఉన్నాడు. నా సంచీ అందుకోబోయాడు. నేను ఇవ్వలేదు, మర్యాద కొద్దీ కాదు, సిగ్గుతో. భోజనం అయిందా సాహెబ్ అని అడిగాడు. టీ దుకాణంలో అతని భార్య ఫరా అనే పలహారం చేస్తోంది, బియ్యప్పిండి ఉండలు ఆవిరి మీద ఉడికించి టమాటా పచ్చడితో పెడతారు. పళ్ళెం ఇరవై రూపాయలు. మా దగ్గర తీసుకోనంది. అది తిన్నంత కష్టంగా నేను ఇంతవరకు ఏదీ తినలేదు.

మోటారును షెడ్‌లో బల్ల మీద అడ్డంగా పెట్టారు. మావయ్య కళ్ళజోడు తుడుచుకుని, క్యాప్ మీద వేలుతో తడిమి, కింద ఒక రేకు డబ్బాలో పడేసి ఉన్న విరిగిన చెవి ఒకటి తీసి వెలుగులో తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను బోల్టులు తీసి వరసగా పేర్చడంలో మునిగిపోయాను.

"ఒరే రమణా, ఇది సుత్తి దెబ్బ కాదు. సుత్తి దెబ్బైతే అంచు పదునుగా ఇరుగుద్ది. ఇది ముద్ద కట్టీసింది. దీనికి ఎవడో నిప్పెట్టినాడు."

అయ్యుండొచ్చు అన్నాను.

"ఎవడని నానడగనేదు. ఎక్కడెట్టినాడు, ఎంతసేపెట్టినాడు, అది కావాల. నిప్పు తగిల్న కాడ బోల్టు దిగేస్తే ఊడి వచ్చీద్ది. డబ్బాకి తగిలుంటే, లాగినపుడు డబ్బే పగిలిపోద్ది. ముందోడు ఏం చేసినాడో తెలీకుండా నాను స్పానర్ ముట్టుకోను. నీకూ అదే కదరా నేర్పినాను?"

స్పానర్ బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. పదకొండూ పది. మూడు గంటలకు సమావేశం. నా పథకంలో అన్నీ ఉన్నాయి, ఈ ప్రశ్న ఒక్కటే లేదు. ఆ ప్రశ్నకు సమాధానం తెలిసినవాళ్ళం ఆ షెడ్‌లో ఇద్దరమే ఉన్నాం. మా మాటల్లో సుఖరామ్‌కు ఒక్క ముక్కా అర్థం కాదు. అయినా మావయ్య చూపు ఎక్కడుందో గమనించి, ముందుకు వచ్చి, క్యాప్ పై సగం చుట్టూ వేలుతో గీత గీశాడు. హిందీలో, "ఇక్కడ. ఇరవై నిమిషాలు. కింది వైపు తగల్లేదు, డబ్బాకి తగల్లేదు. నేను చూశాను" అన్నాడు.

మావయ్య నాకేసి తిరిగాడు. ఇరవై నిమిషాలేనా అని నన్నడిగాడు.

ఇరవై రెండు అన్నాను. ఎర్రబడలేదని ఇంకో రెండు నిమిషాలు పెట్టానన్నాను.

మావయ్య తిడతాడని ఎదురుచూశాను, తిడితే ఎంతో కొంత తీరిపోయేది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కింది సగంలో రెండు గుర్తులు పెట్టి, చేతి డ్రిల్లు సుఖరాం చేతికిచ్చాడు. నాకివ్వలేదు. "నువ్వెల్లి వేన్నీళ్ళు పట్రా" అన్నాడు.

కాబట్టి పట్టేసిన క్యాప్ ఎలా ఊడిందన్నది నేను వేన్నీళ్ళు మోస్తూ చూసిన మేరకు రాస్తున్నాను. ఇద్దరూ కలిసి రెండు బెజ్జాలు వేసి, వాటిలో మర తీశారు. తుప్పు వదిలే నూనె చుట్టూ కారేలా పోసి అరగంట ఆగారు. పరికరం బిగించారు. నేను టీ దుకాణం పొయ్యి మీద తెర్లుతున్న నీళ్ళు కెటిల్‌తో తెచ్చి, క్యాప్ మీద కాదు, దాని చుట్టూ ఉన్న డబ్బా మీద పోయాలి. వేడికి డబ్బా కొంచెం సాగి క్యాప్‌ను వదులుతుంది. ఈ లోహానికి ఆ మాత్రం వేడి చాలునట. తర్వాత మరను పావు చుట్టు తిప్పి, సుత్తితో మెల్లగా తట్టి, ఆగడం. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ పావు చుట్టు. తొమ్మిది కెటిళ్ళు మోశాను. రెండుసార్లు వేడి నీళ్ళు నా కాలి మీద ఒలికాయి, ఆ విషయం ఎవరూ పట్టించుకోలేదు.

ఒంటిగంటా నలభైకి 'టక్' మని చిన్న చప్పుడు. ఏదో విరిగిందనే అనుకున్నాను, నాకున్న అనుభవం అది. క్యాప్ వెంట్రుకవాసి కదిలింది. ఇంకో పది నిమిషాలకు మొత్తం బయటికి వచ్చింది, దాని వెంట విబూదిలా తెల్లటి పొడి. సుఖరాం ఆ పొడిని వేలితో తీసి చూసి, మావయ్యకు చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. కొత్త సీలు, విశాఖ క్యాప్, బాగా గ్రీజు, తాజా నూనె. రెండూ నలభైకి మోటారును పడవకు బిగించి, ఒడ్డునే నీళ్ళలో ముంచి తాడు లాగితే మూడో లాగుకు అందుకుంది. పంకా తిరిగింది.

నేను సంచీ సర్దుకున్నాను. మూడున్నరకు కోర్బా జీపు ఉంది. మోటారు నడుస్తున్నది అందరూ చూస్తారు, మిగతాది వాళ్ళే తేల్చుకుంటారని మనసులో మళ్ళీ అనుకున్నాను. మీరు నమ్మరు, నిజంగానే అనుకున్నాను. సుఖరాం మోటారు ఆపి, చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"మోటారు బాగైంది సాహెబ్. మరి కాగితం?"

మూడు గంటలకు ఆ రేకుల షెడ్‌లో ముప్పై మంది దాకా సభ్యులు చేరారు. నేను లేచి నిలబడి, క్యాప్‌ను పాడుచేసింది నేను, రాసిచ్చింది అబద్ధం అని చెప్పాను. రెండే వాక్యాలు. మా రైల్వే షెడ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు ఇతరుల చేత చెప్పించిన వాక్యాలే. కార్యదర్శి చాలా ఇబ్బంది పడ్డాడు, నా గురించి కాదు, తీర్మానం గురించి. మీ మొదటి రిపోర్టు ఫైలులో పెట్టేశాం సాబ్, పై ఆఫీసుకు నకలు కూడా పంపాం, ఇప్పుడిలా అంటే ఎలా అన్నాడు. రెండూ మీ నోటి నుంచే వస్తున్నాయి, దేన్ని నమ్మాలి అని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. వెనక నుంచి ఒకాయన, చెప్పినవాడికే నష్టం తెచ్చేది ఏదో దాన్నే నమ్మండి అన్నాడు. అందరూ నవ్వారు. కార్యదర్శి నవ్వలేదు.

కాగితాన్ని కొట్టివేయాలంటే కాగితమే కావాలి కదా. రాశాను. అలవాటు కొద్దీ 'చెవులు విరిగినవి' అని మొదలుపెట్టాను, అవే వాటంతటవే విరిగినట్టు. మావయ్య భుజం మీంచి చూసి, "ఎవలు ఇరగ్గొట్టినారు? అది రాయి" అన్నాడు. కొట్టేసి, 'నేను విరగ్గొట్టాను' అని రాశాను. హోదాతో సంతకం పెట్టాను. కాగితం ఫైలులో పెట్టబోతుంటే సుఖరాం లేచి, పైకి చదవండి అన్నాడు. మొదటిది చదివినప్పుడు మొత్తం ఊరు విన్నది, ఇది కూడా వినాలన్నాడు. కార్యదర్శి చదివాడు. చదవడం అయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను, కూర్చోమని ఎవరూ అనలేదు.

పడవ నడిపేది సుఖరామేనని చేతులెత్తి తేల్చారు. బావమరిది గారు కూడా చెయ్యెత్తాడు, ఆయనకు పడవ నడపడం రాదని అప్పుడు తెలిసింది. ఈ మూడు వారాల కూలి నేను ఇస్తానన్నాను. సుఖరాం వద్దన్నాడు. అడిగింది చదివారు, చాలు అన్నాడు.

నాలుగున్నరకు పడవను అవతలి ఒడ్డు దాకా నడిపి చూడాలని బయల్దేరదీశారు. చేపల గంప ముసలమ్మ, మరో ఆరుగురు ఎక్కారు. సుఖరాం మావయ్య చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా ఎక్కించి, ముందు బల్ల మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాడు. నేను చెప్పులు విడిచి ఒక కాలు నీళ్ళలో పెట్టాను. అతను తాడు చేతిలో పట్టుకుని, కోపం ఏమీ లేని గొంతుతో అన్నాడు.

"సాహెబ్, మీరు ఒడ్డునే ఉండండి."

కాలు వెనక్కి తీసుకున్నాను. మోటారు మొదటి లాగుకే అందుకుంది. నీళ్ళ మీద పడవ ఒక మంచి గీత గీసుకుంటూ పోయింది. అవతలి ఒడ్డుకు వెళ్ళిరావడానికి వాళ్ళకు నలభై నిమిషాలు పట్టింది. నేను టీ దుకాణం ముందు కూర్చుని, సుఖరాం భార్య ఇచ్చిన టీ తాగాను. ఈసారి పది రూపాయలు తీసుకుంది. మనసు కొంచెం కుదుటపడింది.

అయిదున్నర జీపు, ఏడింటికి కోర్బా నుంచి మెమూ. బస చేయదలచుకున్నవాళ్ళకు ఘాట్ దగ్గర చేపలవాళ్ళ సంఘం వారి గది ఒకటి ఉంది, ముందుగా చెప్పాలి, దుప్పటి మీరే తెచ్చుకోవాలి. ఉర్గా దాటాక మావయ్య వరలక్ష్మి కట్టిచ్చిన చపాతీల పొట్లం విప్పి, సగం నాకిచ్చాడు. ఘాట్ వదిలాక ఆయన నాకేసి తిరిగింది అదే మొదలు.

అవతల ఎలా ఉందని అడిగాను.

"బావుందిరా" అన్నాడు. కాసేపు నమిలి, "సానా బావుంది" అన్నాడు.

ఏముందక్కడ అన్నాను. వ్యాసం రాయాలి కదా అన్నాను.

"ఎల్లి సూసుకో" అన్నాడు.

ఆ జలాశయానికి వెళ్ళేవాళ్ళంతా అవతలి ఒడ్డు చూడడానికే వెళ్తారు. క్రితం సారి నడినీళ్ళలోనే ఆగిపోయాం కనుక ఆ వ్యాసంలో దాని గురించి లేదు. ఈ వ్యాసంలోనూ లేదు. బిలాస్‌పూర్ నుంచి ఒక్క రోజులో వెళ్ళిరావచ్చు, ఖర్చు మనిషికి మూడు వందలు దాటదు. పడవ నడుస్తోంది, నడిపేవాడు నిదానస్తుడు, పని తెలిసినవాడు. మీరు వెళ్ళి రండి. నేను ఆ పడవ ఎక్కాలంటే మాత్రం, టిక్కెట్టు ఇవ్వాల్సింది సుఖరామే.